చెంబు మీద పేరు

పాత సామాను కొని, ఇంటర్నెట్ వేలంలో అమ్ముకుని బతికాను. ఇదీ ఒక ఉద్యోగమేనా అని సామర్లకోటలో మా అన్నయ్య చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. నేనూ చివరిదాకా సమాధానం చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో మనవాళ్ళు ఒకరిద్దరు ఈ పనిలోకి దిగుతూ, మీ అనుభవం రాసివ్వండి అన్నారు. చిట్కాలు కావాలని వాళ్ళ ఉద్దేశం. చిట్కాలు ఉన్నాయి, రాస్తాను. కానీ ఈ పనిలో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. అది రాయకుండా మిగతాదంతా రాస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

ఈ పనిలోకి ఎలా వచ్చాను

నేను చక్కెర మిల్లు కెమిస్టుని. ఇక్కడ నల్లా తెల్లా అందరూ కలిసి ఓటు వేసిన మొదటి ఎన్నికల తర్వాతి ఏడాది టోంగాట్ వైపు ఒక మిల్లులో కాంట్రాక్టు మీద వచ్చాను. అప్పటికి నా భార్య పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. మూడేళ్ళకి కాంట్రాక్టు అయిపోయింది. టికెట్టు ఇస్తామన్నారు గానీ, వెళ్ళి ఎవరింట్లో దిగాలో నాకు తోచలేదు. అందుకే ఉండిపోయాను. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు.

ఆ రోజుల్లో ఈ ప్రాంతమంతా ఇళ్ళు ఖాళీ అవుతుండేవి. తెల్లవాళ్ళు పెర్త్‌కీ లండన్‌కీ పోతున్నారు. మన ఇండియన్లు, ఇన్నాళ్ళూ తమని రానివ్వని పేటల్లో ఇళ్ళు కొనుక్కుంటున్నారు. వాళ్ళలోనూ కొందరు ఆస్ట్రేలియా పోతున్నారు. ప్రతి శనివారం ఏదో ఒక గరాజ్ ముందు బల్ల వేసి, దాని మీద ఒక కుటుంబం సామానంతా పరిచేవాళ్ళు. మొదట్లో ఊసుపోక వెళ్ళేవాణ్ణి. నాలుగు మాటలు మాట్లాడటానికి మనుషులు దొరుకుతారని వెళ్ళేవాణ్ణి. వాళ్ళతో మాట్లాడాలంటే ఏదో ఒకటి కొనాలి కదా, కొనేవాణ్ణి.

కాసిం భాయ్ దుకాణం

నాకు ఈ పని నేర్పినవాడు డర్బన్‌లో పాత సామాన్ల దుకాణం నడిపిన కాసిం భాయ్. రెండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. మెచ్చుకోవడం అన్నది ఆయనకి తెలియదు. మధ్యాహ్నం నమాజుకి వెళ్తూ దుకాణం నాకు వదిలేసేవాడు, మెప్పు అంటే అంతే.

ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి అడుగు చూడమనేవాడు. ముఖాన్ని అందరూ తుడిచి పెడతారు, అడుగు ఎవరూ తుడవరు. తయారుచేసినవాడి ముద్ర, మరమ్మతు, చెద, అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటర్నెట్‌లో అమ్మేటప్పుడు కూడా మీ మొదటి ఫొటో ముఖానిది అయితే రెండోది అడుగుది కావాలి.

రెండో సంగతి నా పరువు తీసింది. ఒకసారి నల్లబడిన రాగి కూజా ఒకటి వచ్చింది. ఆయన లేని సమయం చూసి, మంచి పని చేస్తున్నాననుకుని చింతపండు పెట్టి తోమి తళతళలాడించాను. మన ఇంట్లో ఎవరైనా అదే చేస్తారు కదా. ఆయన వచ్చి దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"రావ్ సాబ్, యాభై ఏళ్ళు పట్టింది దానికి ఆ రంగు రావడానికి. నువ్వు అరగంటలో కడిగేశావు," అన్నాడు.

కొనేవాళ్ళకి పాతదనమే కావాలి. దుమ్ము దులపండి, అక్కడితో ఆగండి. చింతపండు చారులోకి వాడుకోండి.

తెర మీద అమ్మడం

ఇంటర్నెట్ వేలం సంగతి చెప్తే కాసిం భాయ్ నవ్వాడు. చేత్తో పట్టుకోకుండా ఎవడు కొంటాడు అన్నాడు. కొన్నారు. ఇంగ్లండ్ నుంచి, కెనడా నుంచి కొన్నారు. నేను డర్బన్‌లోనే రిజర్వాయర్ హిల్స్ పేటలో ఒక ఇంటి వెనక ఔట్‌బిల్డింగ్‌లో, అంటే పెరట్లో విడిగా కట్టిన గదిలో, అద్దెకుండేవాణ్ణి. అక్కడే బల్ల, అక్కడే స్కానరు, అక్కడే మంచం. మనిషి ముఖం చూడకుండా వారాలు గడిచేవి. వ్యాపారం బాగా సాగిన వారం ఇంకా ఒంటరిగా ఉండేది, ఎందుకంటే బయటికి వెళ్ళే పనే ఉండేది కాదు.

నేర్చుకున్నవి రాస్తున్నాను. లోపాన్ని మొదటి వాక్యంలోనే చెప్పండి. పగులుందని మీరే చెప్తే కొనేవాడు మిగతాదంతా నమ్ముతాడు. పగులు వాడే కనిపెడితే మీరు చెప్పిన ఏ మాటా నమ్మడు. 'పూర్తి సెట్టు' అని రాసేముందు సాసర్లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. నేను చూసుకోలేదు, టొరంటో నుంచి ఒకావిడ మూడు పేజీల ఉత్తరం రాసింది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా, ఎంత తెలివితక్కువ ప్రశ్నయినా, అదే రోజు మర్యాదగా జవాబివ్వండి. నోరు మంచిదైతే ఊరు మంచిది. మీరు కొన్న వస్తువు మీద మోజు పెంచుకోకండి. కాకి పిల్ల కాకికి ముద్దే గానీ, ఆ మాట కాకి వేలం పెట్టినప్పుడు పనికిరాదు. ప్యాకింగ్ అయ్యాక పెట్టెని మోకాలి ఎత్తు నుంచి కింద పడేసి చూడండి. మీకు భయం వేసిందంటే ఇంకా కాగితాలు కుక్కాలని అర్థం.

అన్నిటికంటే ముఖ్యం, మీకు తెలియని కథ రాయకండి. కథ పెడితే వస్తువు తొందరగా అమ్ముడుపోతుంది. నిజమే. అందుకే వద్దంటున్నాను.

రాజమ్మక్క

నేను అద్దెకున్న ఇంటి ఓనరు రాజమ్మ. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. భర్త పోయాడు, కూతురు ప్రేమకి జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం. రాజమ్మ అమ్మమ్మ వాళ్ళు విశాఖ వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. తెలుగు చదవడం ఆవిడకి రాదు. మాట్లాడటం మాత్రం, ఇంగ్లీషూ జులూ కలిసిన పాత పల్లెటూరి తెలుగు, తిట్టడానికీ అన్నం పెట్టడానికీ సరిపడేంత వచ్చు. నేను వచ్చిన వారానికే 'మిస్టర్ రావ్' పోయి 'తమ్మీ' అయ్యాను.

ఫోను లైను ఆవిడది. నేను మోడెమ్ పెడితే ఆవిడ ఫోను పలికేది కాదు. పెరట్లోంచి కేకేసేది.

"తమ్మీ! నీ మెషిన్ లైన్ మొత్తం తినేసినాది! ప్రేమ రింగ్ సేసి సేసి మ్యాడ్ అయిపోతాది!"

తీసేసేవాణ్ణి. పావుగంటకి కంచం పట్టుకుని తనే వచ్చేది. "తిన్నావేటి? రైస్, పప్పు ఉంది. షేమ్, ఇంత సన్నం అయిపోయినావు." ఇక్కడ షేమ్ అంటే అయ్యో పాపం అని.

ఈ దేశంలో నన్ను తిన్నావా అని అడిగిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ అడగని రోజు నేను నిజంగానే తినేవాణ్ణి కాదు.

ఆవిడకి ఒక్క కోరిక ఉండేది. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తల్లి వస్తువు అంటూ మిగిలింది ఒక ఇత్తడి చెంబు. దాన్ని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో నార్త్‌డేల్ అనే పేటలో, అన్నగారింట్లో ఉంచారు. ఎన్నిసార్లు అడిగినా వదిన తర్వాత ఇస్తాననేది. అన్నా వదినా పోయారు, పిల్లలు ఇల్లు అమ్మి, సామాను ఎవరికో అప్పగించి, మేనత్తకి ఒక్క మాట చెప్పకుండా ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఈవిడ బస్సెక్కి వెళ్ళేసరికి గోడలు మిగిలాయి.

"దాని మీద రైటింగ్ ఉంది తమ్మీ. డాట్ డాట్ డాట్ కొట్టినారు. ఇండియా రైటింగ్. నీకు సదవొచ్చు కదా, సేల్‌కి ఎల్తే సూడు."

"మీ అమ్మగారి పేరేమిటక్కా?"

"నర్సమ్మ."

ఆ తర్వాత సంవత్సరంపైగా, ఏ సేల్‌లో ఇత్తడి చెంబు కనిపించినా తిరగేసి, పక్కలు చూసి, నర్సమ్మ అనే పేరు వెతికాను. ప్రతి శనివారం సాయంత్రం ఆవిడ గేటు దగ్గరే అడిగేది, దొరికిందా అని. దొరకలేదు అనేవాణ్ణి.

ఏడు రోజుల వేలం

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక వేలంలో వంటింటి సామాను పెట్టె ఒకటి కొన్నాను. నార్త్‌డేల్ ఇంటి నుంచి వచ్చిందని పెట్టె మీద సుద్దతో రాసి ఉంది. అడుగున ఇత్తడి చెంబు. మెడ కింద చుక్కల అక్షరాలు, తెలుగే. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పైడమ్మ.

నర్సమ్మ కాదు. అయితే ఇది వేరే వాళ్ళది. అంతే అనుకున్నాను. అక్కకి చూపించలేదు, ఊరికే ఆశపెట్టడం ఎందుకని. ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాను. పక్కన కథ రాశాను: చెరుకు తోటల్లో పనికి ఓడ మీద వచ్చిన పైడమ్మ అనే స్త్రీ తన వెంట తెచ్చుకున్న చెంబు ఇది అని. పైడమ్మ ఎవరో నాకు తెలియదు. వెంట తెచ్చుకుందో లేదో తెలియదు. పేరు చదవగలిగాను కాబట్టి మిగతాది కూడా తెలుసనుకున్నాను.

రెండో రోజుకే పోటీ మొదలైంది. నేను పెట్టిన ఏ వస్తువుకీ అంతమంది రాలేదు.

నాలుగో రోజు రాజమ్మక్క కంచం తీసుకుని వచ్చింది. చెంబు బల్ల మీద ఉంది. కంచం కింద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, చెంబు ఎత్తింది. మెడ దగ్గర పట్టుకుని, ఎవరి తల మీదో నీళ్ళు పోస్తున్నట్టు నెమ్మదిగా వంచింది.

"తమ్మీ, ఇదేటి, మా అమ్మ సెంబులాగుంది."

"కాదక్కా. ఇక్కడ పైడమ్మ అని ఉంది. మీ అమ్మగారు నర్సమ్మ కదా."

"బాగా సదివినావా?"

"మూడుసార్లు చదివాను. పైడమ్మే."

"పైడమ్మ ఎవులో మరి," అంది. ఇంకాసేపు పట్టుకుంది. "నీకు తెల్సు కదా, నాకు తెల్దు," అని చెంబు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇక్కడ నిజం చెప్పాలి. అప్పటికి ఆ చెంబుకి పదకొండు మంది పోటీ పడుతున్నారు. అది లేకపోతే నేను ఇంకో నిమిషం ఆలోచించేవాణ్ణేమో. అక్క అన్నగారిదీ నార్త్‌డేలే, పెట్టె వచ్చిందీ నార్త్‌డేల్ నుంచే. చెంబు మీద చుక్కల రాత ఉంటుందని ఆవిడ ముందే చెప్పింది. అన్నీ కళ్ళ ముందున్నాయి. ఒక్క పేరు అడ్డుపెట్టుకుని మిగతావన్నీ తోసేశాను. మూడు రోజుల తర్వాత ఇంగ్లండ్‌లో ఒకావిడకి వేలంలో అమ్మేశాను. బాగా ప్యాక్ చేశాను కూడా.

పెద్దల పూజ

రెండు నెలలకి రాజమ్మక్క ఇంట్లో పెద్దలకి పెట్టే పూజ వచ్చింది. ముందు గదిలో తెల్లగుడ్డ పరిచి, అరిటాకులో పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ పెట్టారు. తాతకి చుట్ట, మామకి ఒక చిన్న గ్లాసు కేన్ స్పిరిట్, అంటే చెరుకు సారా. టోంగాట్ నుంచి ఆవిడ పిన్ని అప్పాయమ్మవ్వని కారులో తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి. ఇల్లు కదిలి చాలా ఏళ్ళయిందట. అక్క వంటింట్లో ఉంది, అవ్వ పక్కన నన్ను కూర్చోబెట్టారు, తెలుగు మాట్లాడతానని.

ఏం పని చేస్తావు అంది. పాత ఇత్తడి, రాగి అమ్ముతానని చెప్పాను.

"ఇత్తడి అంటే మా నర్సక్క సెంబు," అంది అవ్వ. "రాజమ్మ తల్లి. దాని పెళ్ళికి పైడమ్మవ్వ ఇచ్చినాది."

"పైడమ్మ ఎవరవ్వా?"

"మా అమ్మతో సేమ్ షిప్‌లో వచ్చినాది. బంధువు కాదు, ఓడలో కలిసినారు, అంతే. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. కేన్ కొట్టి కొట్టి దాచి, డర్బన్‌లో కొన్నాది ఆ సెంబు. తన పేరు కొట్టించినాది. నాకు బిడ్డల్లేరు, నా పేరైనా మీ ఇంట్లో ఉంటాది అన్నాది. హావ్, అందరం ఏడ్సినాము."

మా అమ్మ పేరు సత్యవతి. సామర్లకోటలో ఆవిడ వంటింట్లో సత్యవతి అని పేరున్న గిన్నె ఒక్కటీ లేదు. పెళ్ళిలో చదివించిన గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లే కొట్టిస్తారు. మేనమామ పేరు, పెద్దత్తయ్య పేరు, పక్కింటి సూర్యకాంతం గారి పేరు. నన్ను బళ్ళో వెయ్యకముందు ఆ గిన్నెల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను. తెలుగింట పుట్టిన ఎవడికైనా తెలిసిన సంగతి అది. నాకూ తెలుసు. తెలిసి కూడా సంవత్సరంపైగా, తల్లి చెంబు మీద తల్లి పేరు వెతికాను.

రాజమ్మక్క వంటింట్లోంచి వచ్చింది. మా మాటలేవీ ఆవిడ చెవిన పడలేదు. "తమ్మీ, తినవేటి? పూరీ సల్లగైపోతాది," అంది.

చెప్పడం

వెంటనే చెప్పలేదు. ముందు చెంబు వెనక్కి తెప్పించి, అప్పుడు చెబుదామనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఇంగ్లండ్ ఆవిడకి రాశాను, ఇచ్చినదానికంటే ఎక్కువే ఇస్తాను, తిరిగి పంపండి అని. ఐదు వారాలకి జవాబొచ్చింది. చెంబు తన కూతురికి పెళ్ళి కానుకగా ఇచ్చేశానని, పైడమ్మ కథ కూతురికి ఎంతో నచ్చిందని, క్షమించమని. ఆవిడని తప్పు పట్టలేను. ఆ కథ తప్పని, అసలు కథ ఇదని మళ్ళీ రాశాను. దానికి జవాబు రాలేదు.

ఆ ఐదు వారాలూ రాజమ్మక్క పెట్టిన అన్నం తిన్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడే రోజులేవంటే అవే.

చెప్పిన రోజు ఆవిడ వెనక వరండాలో మదుంబీలు ఒలుస్తోంది. మన చేమదుంపలే, ఇక్కడ జులూ పేరుతో పిలుస్తారు. నిలబడే చెప్పాను, మొత్తం. కత్తి ఆగింది.

"ఇప్పుడు యాడుంది?"

"ఇంగ్లండ్‌లో."

"వాళ్ళు ఏటి సేస్తారు దాంతో?"

"తెలీదక్కా. పూలు పెట్టుకుంటారేమో."

చేతిలో దుంపని కింద పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అంది.

"మా అమ్మ దాంతో నా తల మీద నీల్లు పోసేది. నా సెయ్యికి తెల్సిపోయినాది ఆ రోజు. నువ్వు సదువుకున్నోడివి, నువ్వు కాదన్నావు. నా సెయ్యి మాట నాను ఇనలేదు."

లోపలికి వెళ్ళిపోయింది. ఖాళీ చెయ్యమనలేదు. మోడెమ్ గురించి మళ్ళీ కేకెయ్యలేదు. గేటు దగ్గర కనిపిస్తే "గుడ్ మార్నింగ్, మిస్టర్ రావ్" అనేది, అంతే మర్యాదగా. కంచం రాలేదు. ఎనిమిది నెలలు డబ్బా చేపలు, బ్రెడ్డు తిన్నాను. ఆ ఎనిమిది నెలల్లో నా అమ్మకాలన్నిటికీ కొన్నవాళ్ళు మంచి మాటలే రాశారు. నమ్మదగిన మనిషి, చెప్పినట్టే ఉంది వస్తువు అని. చదివి తెర ఆపేసేవాణ్ణి.

ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఏ ఇంట్లో ఏది కొన్నా, ఇచ్చే మనిషిని ఒక ప్రశ్న అడుగుతాను: దీన్ని అడిగేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఒక వారం ఆగుతాను. సగం మంది విసుక్కుంటారు. కొందరు కాసేపు ఆలోచించి, ఫోను చేసుకోవడానికి లోపలికి వెళ్తారు. అలా నేను వదులుకున్న సరుకు చాలా ఉంది. వదులుకోండి. ఇంకొకటి, ఎవరైనా వస్తువు చేత్తో పట్టుకుని ఇది మాదిలా ఉంది అంటే, మీ దగ్గర ఏ రుజువున్నా సరే, ముందు ఆ వేలం ఆపండి. తర్వాత మాట్లాడండి.

అలాంటి ఎన్నికలు మూడోసారి జరిగిన ఏడాది రాజమ్మక్కకి మోకాళ్ళు పనిచెయ్యడం మానేశాయి. ప్రేమ వచ్చి ఇల్లు అమ్మకానికి పెట్టింది, తల్లిని తనతో తీసుకెళ్తానంది. సామాను తీసుకెళ్ళడానికి చాట్స్‌వర్త్ నుంచి ఎవరో డీలరుని పిలిపించారు. నన్ను అడగలేదు. పెరట్లో ఇరవై అడుగుల దూరంలో పాత సామాన్ల వ్యాపారి అద్దెకుండగా, ఊరవతల నుంచి వ్యాపారిని పిలిచారు. సోఫాలు, బీరువాలు నా కిటికీ ముందు నుంచే బండెక్కాయి. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను, సాయం చెయ్యడానికి కూడా బయటికి వెళ్ళలేకపోయాను. వెళ్ళే హక్కు నాకు లేదు.

ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. రాజమ్మక్క. కర్ర ఊతంతో పెరడు దాటి వచ్చింది. వెనక ప్రేమ అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, తల్లికి కుర్చీ లాగి వెళ్ళిపోయింది. పెట్టెలో ఇత్తడి గిన్నెలు, గరిటెలు, ఒక పళ్ళెం. డీలరుకి ఇవ్వకుండా ఉంచుకున్నవి. అన్నిటి మీదా చుక్కల అక్షరాలు.

కుర్చీలో కూర్చుని మొదటి గిన్నె తనే తీసి, ఒళ్ళో పెట్టుకుని, అక్షరాలున్న వైపు నాకు తిప్పింది. నేను కళ్ళజోడు కోసం వెతుక్కుంటున్నాను.

"పేరొక్కటే సదువు," అంది. "ఎవులిదో నాను సెప్తాను."